మందు పనిచేసిందనడానికి రుజువేమిటి? పిల్లల ఎముకల వాపు జబ్బులు: చికిత్సా చరిత్ర



ఇది ఎల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో జరిగే ఉపన్యాసం. 1895లో భీమవరంలో పుట్టి 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసిన ఆ మహనీయుని జీవితకథ ఇలాంటి సభల్లో చాలామంది చెప్పారు. నేను దాన్ని మళ్లీ చెప్పబోవడం లేదు. ఆయన చేసిన పనిలో నేటి నా విషయానికి నేరుగా సంబంధం ఉన్న భాగాన్ని మాత్రం గుర్తుచేస్తాను. 1925లో సైరస్ ఫిస్కెతో కలిసి ఆయన ఫాస్ఫరస్‌ను రంగు చిక్కదనాన్నిబట్టి కొలిచే పద్ధతిని ప్రచురించారు. మన ఒంట్లోని ఫాస్ఫరస్‌లో సుమారు 85 శాతం ఎముకల్లోనే ఉంటుంది. రికెట్స్ వంటి పిల్లల ఎముకల జబ్బులను ప్రయోగశాలలో గుర్తించడానికి ఆ పద్ధతి దశాబ్దాలపాటు అక్కరకొచ్చింది. 1940లో లెడర్లే సంస్థలో చేరిన తరువాత ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను, మెథోట్రెక్సేట్‌ను కూడా తయారుచేసింది. ఈ రెండు రకాల మందుల ప్రస్తావన ఉపన్యాసం రెండో సగంలో మళ్లీ వస్తుంది.

నేటి విషయం పిల్లల ఎముకల్లో వచ్చే వాపు జబ్బులు, వాటి చికిత్స. వైద్యులకు ఇది పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం. నాకు మాత్రం ఇందులో వైద్యశాస్త్రం మొత్తానికీ సంబంధించిన ఒక పాత ప్రశ్న కనిపిస్తుంది. మందు వేశాం, జబ్బు తగ్గింది. అంతమాత్రాన మందు వల్లనే తగ్గిందని ఎప్పుడు అనవచ్చు? మనం అనుకున్న కారణమే నిజమైన కారణమని ఎప్పుడు అనవచ్చు? ఈ జబ్బుల చరిత్రలో ఒక సగం ఈ ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పింది. రెండో సగం ఆ జవాబును తలకిందులు చేసింది.

పెన్సిలిన్‌కు ముందు కాలం నుంచి మొదలుపెడదాం. పిల్లవాడు ఆడుకుంటూ పడతాడు, లేదా ఏ గడ్డో లేచి మానుతుంది. కొన్నాళ్లకు తీవ్రమైన జ్వరం వస్తుంది. మోకాలి దగ్గర ఎముక ముట్టుకోనివ్వదు. లోపల చీము పట్టి, ఎముక పైపొరను చీల్చుకుని బయటికి వస్తుంది. రక్తప్రసారం తెగిన భాగం చచ్చిపోయి ముక్కలుగా మిగులుతుంది. ఏళ్ల తరబడి పుండు కారుతూ ఉంటుంది. ఇలా జబ్బుపడిన పిల్లల్లో అయిదుగురిలో ఒకరికి పైగా చనిపోయేవారు. బతికినవారిలో చాలామందికి కాలు పోయేది, లేదా వంకరపోయేది.

1813 ప్రాంతంలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం లెబనాన్ ఊళ్లో టైఫాయిడ్ ప్రబలింది. జ్వరం తగ్గాక ఏడేళ్ల జోసెఫ్ స్మిత్ అనే పిల్లవాడికి కాలి ఎముక చీముపట్టింది. తరువాతి కాలంలో మార్మన్ మతశాఖను స్థాపించినది ఈ పిల్లవాడే. అతని కథ మనదాకా రావడానికి అదీ ఒక కారణం. వైద్యులు కాలు తీసేద్దామన్నారు. తల్లి ఒప్పుకోలేదు, జబ్బుపడిన ఎముకను మాత్రమే తీసి చూడమంది. డార్ట్‌మత్ వైద్యకళాశాలను నెలకొల్పిన నేథన్ స్మిత్ ఆ పని చేశాడు. మత్తుమందు ఇంకా రాని రోజులవి. పిల్లవాడు సారాయి తాగనన్నాడు, తాళ్లతో కట్టనివ్వనన్నాడు, నాన్న పట్టుకుంటే చాలన్నాడు, అమ్మను మాత్రం గదిలో ఉండొద్దన్నాడు. ఎముకకు రెండువైపులా రంధ్రాలు చేసి, చెడిన భాగాన్ని ముక్కలుగా విరిచి తీశారు. కాలు దక్కింది, కొద్దిపాటి కుంటు మిగిలింది. ఈ వివరాలు తల్లి లూసీ రాసుకున్న జ్ఞాపకాల్లో ఉన్నాయి. ఎముకకు రంధ్రం చేసి లోపలి ఒత్తిడిని తగ్గించాలన్న తన పద్ధతిని నేథన్ స్మిత్ 1827లో ప్రచురించాడు. సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తెలియని రోజుల్లో చేసిన ఆ పని నేటికీ సరైనదే. కాలు తీసేయడానికీ, ఏమీ చేయకుండా వదిలేయడానికీ మధ్య మూడో దారి ఒకటి ఉందని అది చూపించింది. ఆ తల్లి పట్టుబట్టకపోతే ఆ దారి తొక్కేవారా అన్నది నాకు అనుమానమే.

లండన్‌లో బెంజమిన్ బ్రోడీ కథ మరొక రకం. ఎంతకీ తగ్గని కాలినొప్పితో వచ్చిన ఒక యువకుడికి ఆయన కాలు తీసేశాడు. తీసిన కాలిని కోసి చూస్తే ఎముక లోపల చిన్న గూడు, అందులో కాస్త చీము. రంధ్రం చేసి ఉంటే సరిపోయేదని ఆయనకు అర్థమైంది. తరువాత అలాంటి రోగులు వచ్చినప్పుడు అలాగే చేశాడు, 1832లో ఆ అనుభవాన్ని లోకానికి చెప్పాడు. ఆ గూటిని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం.

1880లో పాశ్చర్ ఎముక చీములోనూ, చర్మం మీది సెగగడ్డలోనూ ఒకే సూక్ష్మజీవిని చూసి, ఇది మూలుగలో లేచిన సెగగడ్డ అన్నాడు. రెండేళ్లకు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ దానికి స్టాఫిలోకాకస్ అని పేరు పెట్టాడు. దీంతో జబ్బుకు కారణం దొరికింది, మందు మాత్రం దొరకలేదు. మధ్యకాలంలో ఏవేవో చికిత్సలు నడిచాయి. వాటిలో విలియం బేర్ చికిత్స చెప్పుకోదగ్గది. మొదటి ప్రపంచయుద్ధంలో ఏడు రోజులు యుద్ధభూమిలో పడి ఉన్న ఇద్దరు సైనికుల గాయాల్లో పురుగులు పట్టి ఉండటం, ఆ గాయాలు శుభ్రంగా ఉండటం, వాళ్లకు జ్వరం లేకపోవటం ఆయన చూశాడు. పదేళ్లు గడిచాక బాల్టిమోర్‌లో ఎముక చీము మానని పిల్లలకు శుభ్రంగా పెంచిన ఈగ పురుగులను గాయంలో వదిలి చికిత్స చేశాడు. ఆయన పోయాక 1931లో వెలువడిన వ్యాసాన్ని చదివి వందలాది ఆసుపత్రులు ఆ పద్ధతిని అందుకున్నాయి. పెన్సిలిన్ వచ్చేసరికి అంతా మరచిపోయారు.

పెన్సిలిన్ రాకతో ప్రశ్నకు తిరుగులేని జవాబు దొరికింది. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆ మందును మొదటిసారి మనుషులకు ఇచ్చి చూసినవారిలో పిల్లలూ ఉన్నారు. చావు ఖాయమనుకున్న జ్వరం రోజుల్లో దిగిపోయేది, మందు అయిపోతే మళ్లీ ఎక్కేది. కారణం, మందు, ఫలితం మూడూ ఒకే గీత మీద నిలిచాయి. 1959లో జోసెప్ ట్రుయెటా, పిల్లల్లోనే ఈ జబ్బు ఎందుకు ఎక్కువో, వయసునుబట్టి ఎలా మారుతుందో ఎముక చివరి రక్తనాళాల తీరును బట్టి వివరించాడు. ఎదిగే ఎముక చివరన సన్నని నాళాలు వెనక్కి మలుపు తిరుగుతాయి, అక్కడ రక్తం నెమ్మదిస్తుంది, సూక్ష్మజీవి అక్కడ దిగబడుతుంది. ఏడాది లోపు పసివాళ్లలో ఆ నాళాలు ఎదుగుదల పలకను దాటి కీలు పక్కనున్న ఎముక కొసలోకి పోతాయి కనుక వాళ్లకు కీలు కూడా చెడుతుంది. ఆ తరువాతి చరిత్రను త్వరగా దాటేస్తాను. మందులకు లొంగని స్టాఫిలోకాకస్ వచ్చింది. నాలుగేళ్ల లోపు పిల్లల్లో కింగెల్లా అనే మరో సూక్ష్మజీవి తరచు కారణమని తేలింది. నెలల తరబడి సెలైన్ ద్వారా ఇచ్చిన మందులు, 2010లో ఫిన్లండ్ పరిశోధకుల పని తరువాత, చిక్కులు లేని పిల్లలకు మూడు వారాలకు తగ్గాయి.

ఇంత ఘనవిజయం వైద్యుల తరాలకు ఒక ఆలోచనాక్రమాన్ని అలవాటు చేసింది. ఎముకలో వాపు కనిపిస్తే సూక్ష్మజీవి ఉండే ఉంటుంది. పరీక్షలో దొరక్కపోతే పరీక్షలోనే లోపం. మందు వేస్తే నొప్పి తగ్గింది కనుక మన ఊహ సరైనదే. ఈ మూడో మెట్టు దగ్గరే కాలు జారుతుంది.

1972లో జ్యూరిక్‌లో పిల్లల రేడియాలజిస్టు ఆండ్రెస్ గీడియన్, సహచరులతో కలిసి, నలుగురు పిల్లల గురించి రాశాడు. వాళ్ల ఎక్స్‌రేలలో చాలా ఎముకల చివర్లలో, రెండు పక్కలా, చీముపట్టినట్టే మచ్చలున్నాయి. సూక్ష్మజీవి మాత్రం దొరకలేదు. జబ్బు నెలల తరబడి సాగింది, తగ్గింది, మళ్లీ వచ్చింది. ఇప్పుడు దీన్ని సీఆర్‌ఎంఓ అనీ, మరింత విశాలంగా సీఎన్‌ఓ అనీ అంటున్నాం. సూక్ష్మజీవి ప్రమేయం లేకుండా ఎముక పదేపదే వాచిపోయే జబ్బు ఇది. ఎక్కువగా ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు వస్తుంది. రాత్రి నొప్పి ఎక్కువ. జ్వరం ఉండకపోవచ్చు. రక్తంలో వాపును చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ పరీక్షలు మామూలుగానో, కొద్దిగా పెరిగో ఉంటాయి. బడిలో పరుగెత్తలేకపోతున్న పిల్లను చూసి ఎదిగే వయసు నొప్పులనుకోవడం సహజం. మెడ కింది కాలర్ ఎముక, గుండె వైపు కొసన, ఉబ్బడం దీని ముఖ్యమైన ఆనవాలు. రక్తం ద్వారా వచ్చే మామూలు చీము ఆ ఎముకకు పట్టడం అరుదు. కొందరికి అరచేతుల్లో, అరికాళ్లలో చీముపొక్కులు లేస్తాయి, సోరియాసిస్ వస్తుంది, లేదా పేగుల్లో క్రోన్స్ జబ్బు బయటపడుతుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే విషయం ఇది: ఈ జబ్బు తనంతట తాను తగ్గుతుంది, తనంతట తాను తిరగబెడుతుంది. నొప్పి పతాకస్థాయిలో ఉన్నప్పుడే పిల్లను వైద్యుడి దగ్గరకు తెస్తారు. అప్పుడు ఏ మందు వేసినా, ఆ తరువాత కొన్ని వారాలకు తగ్గే అవకాశమే ఎక్కువ. యాంటీబయాటిక్ ఇస్తే అదే తగ్గించిందంటాం. ఎముకను గీకి శుభ్రం చేస్తే శస్త్రచికిత్స ఫలించిందంటాం. మన ప్రాంతంలో వాచిన కాలిని పుత్తూరు కట్టుకు తీసుకెళ్లడమూ ఉంది. తగ్గితే ఆ ఘనత కట్టుకు దక్కుతుంది. విరిగిన ఎముకకు కట్టే కట్టును చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. తనంతట తగ్గి తిరిగొచ్చే జబ్బు ప్రతి చికిత్సకూ అనుకూలంగా దొంగసాక్ష్యం చెబుతుంది. ఆధునిక వైద్యుడి సాక్షి అంతకంటే నమ్మదగినవాడేమీ కాదు.

మరి దీనికి కారణమేమిటి? గత కొన్ని దశాబ్దాల్లో దారి కొంత కనిపించింది. అరుదైన కొన్ని కుటుంబాలు దారి చూపించాయి. 1989లో అరబ్ దేశాల్లో పనిచేసిన మజీద్ అనే వైద్యుడు, ఎముకల వాపూ, పుట్టుకతో వచ్చే ఒకరకం రక్తహీనతా కలిసి కనిపించే కుటుంబాన్ని వర్ణించాడు. 2005లో దానికి ఎల్‌పిన్2 అనే జన్యువు కారణమని తేలింది. 2009లో ‘డిరా’ అనే జబ్బు బయటపడింది. పుట్టిన కొద్ది వారాల్లోనే పసికందుల ఎముకలు వాచి, ఒళ్లంతా చీముపొక్కులు లేస్తాయి. ఒంట్లో ఇంటర్‌ల్యూకిన్-1 అనే వాపు పదార్థానికి కళ్లెం వేసే ప్రొటీన్ వాళ్లలో లేదు. ఆ ప్రొటీన్‌నే అనాకిన్రా అనే మందుగా బయటినుంచి ఇస్తే పసివాళ్లు రోజుల్లో కోలుకున్నారు. ఇది పెన్సిలిన్ ఇచ్చిన తరహా రుజువు: లోటు ఫలానా అని తెలిసింది, ఆ లోటు తీరింది, జబ్బు పోయింది. కానీ ఇలాంటి జన్యులోపం దొరికే పిల్లలు అతికొద్దిమంది. మిగతావాళ్లలో తెల్లరక్తకణాల తొలి రక్షణవ్యవస్థ శత్రువు లేకుండానే రగులుతోందని మాత్రం చెప్పగలం.

ఇక్కడ మనవారి పేరొకటి చెప్పాలి. కొత్తగూడెంలో డిగ్రీ చదివి, ఉస్మానియాలో పరిశోధన చేసి, ఇప్పుడు అమెరికాలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాసుపత్రిలో పనిచేస్తున్న కన్నెగంటి తిరుమలాదేవి గారి ప్రయోగశాల, ఇలాంటి ఎముకల వాపే వచ్చే ఒక జాతి ఎలుకల మీద పనిచేసింది. కొవ్వు ఎక్కువున్న మేత పెట్టిన ఎలుకల్లో జబ్బు రాలేదనీ, మేత మారడంతో పేగుల్లో ప్రెవొటెల్లా అనే సూక్ష్మజీవులు తగ్గాయనీ, దూరాన ఉన్న తెల్లరక్తకణాల్లో ఇంటర్‌ల్యూకిన్-1 తయారీ తగ్గిందనీ 2014లో ‘నేచర్’ పత్రికలో వెల్లడించారు. దీన్ని చదివి పిల్లలకు నెయ్యి ఎక్కువ పెట్టమని నేను చెప్పను. ఎలుక జన్యువు వేరు, పిల్లవాడి కథ వేరు. కానీ ఎముకలో వాపుకు మూలం ఎముకలోనే ఉండనక్కరలేదన్న ఆలోచనకు అది బలమిచ్చింది.

ఇక మన నేల మీద ఈ జబ్బును నిర్ధారించే సంగతి. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ వైద్యులు 2016లో ఒక కొలబద్ద ఇచ్చారు. రోగలక్షణాలూ ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ మచ్చలూ ఈ జబ్బుకు తగినట్టుండి, ఒకటికి మించిన ఎముకలకు గానీ, కాలర్ ఎముకకు గానీ జబ్బు ఉండి, సీఆర్‌పీ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకపోతే, ఎముక ముక్క తీసి పరీక్షించడం అక్కరలేకుండానే జబ్బును నిర్ధారించవచ్చన్నారు. బ్రిస్టల్ పిల్లకు అది చాలు. మన పిల్లకు చాలదని నా నిశ్చితాభిప్రాయం. ఇక్కడ క్షయ ఉంది. పిల్లల ఎముక క్షయలో సూక్ష్మజీవుల సంఖ్య బహు తక్కువ, కల్చర్‌లో దొరకకపోవచ్చు, ఒకటికి మించిన ఎముకలకూ పట్టవచ్చు. మన్యం ప్రాంతాల గిరిజన పిల్లల్లో సికిల్‌సెల్ జబ్బు ఉంది. వాళ్ల ఎముకలు రక్తం అందక నొప్పిపెడతాయి; అది చీము కంటే చాలా ఎక్కువగా జరుగుతుంది. చీము పడితే సాల్మొనెల్లా వల్ల కావచ్చు. అన్నిటికీ మించి లుకేమియా ఉంది. రక్త కేన్సర్ వచ్చిన పిల్లల్లో చాలామంది మొదట ఎముకల నొప్పితోనే వస్తారు, రక్తపరీక్ష మొదట్లో మోసగించవచ్చు.

అందుకే ఎక్కడికక్కడ అనుమానాల వరస మార్చుకోవాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే ముక్క తీయాలి. మొదలుపెట్టాక తీసిన ముక్కలో సూక్ష్మజీవి లేదంటే అది లేనట్టు కాదు. ఆ ముక్కలో కొంత కల్చర్‌కు, కొంత క్షయను పట్టే జన్యుపరీక్ష సీబీనాట్‌కు, కొంత సూక్ష్మదర్శిని కిందికి పోవాలి. ఆసుపత్రుల్లో తరచు మొత్తం ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసి పంపేస్తారు. ఆ ఒక్క పొరపాటుతో రెండు పరీక్షలు పోతాయి. ముక్కలో గడ్డల్లాంటి క్షయ కణసమూహాలు కనబడకపోయినా, ‘చూద్దాం’ అని క్షయ మందులు మొదలుపెట్టే అలవాటు మనకుంది. సీఎన్‌ఓ ఉన్న పిల్లకు ఆ మందుల కోర్సు నడుస్తుండగానే నొప్పి తగ్గుతుంది. రోగనిర్ధారణ సరైందని అందరూ నమ్ముతారు. మళ్లీ నొప్పి వచ్చినప్పుడు మందుకు లొంగని క్షయ అంటారు, మరింత ఘాటైన మందులకు పోతారు. మొదటి తప్పుడు రుజువు రెండోదాన్ని కంటుంది.

చికిత్సకు వద్దాం. మొదటి మెట్టు నేప్రోక్సెన్, ఇండోమెథాసిన్ వంటి వాపు తగ్గించే మందులు. సుమారు సగం మందికి వీటితో ఊరట దొరుకుతుంది, కొందరికి అవే చాలు. వెన్నుపూసలకు జబ్బు పాకితే ఈ మందుల దగ్గరే ఆగకూడదు. నొప్పి లేకుండానే పూస చితికిపోవచ్చు. అందుకే మొదట్లోనే ఒళ్లంతటికీ ఎంఆర్‌ఐ తీయాలంటాం; నొప్పి తెలియని మచ్చలు అందులో బయటపడతాయి, రేడియేషన్ ఉండదు. వెన్నుపూసలకు, ఎముక అరుగుదలను ఆపే పామిడ్రొనేట్ బాగా పనిచేస్తుంది. అది ఎముకలో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది కనుక, రేపు తల్లి కావలసిన ఆడపిల్లకు ఇచ్చేటప్పుడు తల్లిదండ్రులతో ఆ మాట చెప్పే ఇవ్వాలి. ముందు విటమిన్ డి, కాల్షియం సరిచూడాలి.

మొదటి మెట్టు చాలనివారికి మెథోట్రెక్సేట్ ఇస్తాం. 1948 జూన్‌లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్, సుబ్బారావు గారి బృందం పంపిన, దీనికి తోబుట్టువైన అమినోప్టెరిన్‌తో 16 మంది లుకేమియా పిల్లలకు చికిత్స చేసి, 10 మందిలో తాత్కాలికంగా జబ్బు తగ్గిందని ప్రకటించాడు. ఆ తరువాత రెండు నెలలకే సుబ్బారావు గారు పోయారు. 1992లో అమెరికా, పూర్వపు సోవియట్ కేంద్రాలు కలిసి చేసిన పరీక్షలో, తక్కువ మోతాదులో వారానికి ఒక్కసారి ఇచ్చిన మెథోట్రెక్సేట్ పిల్లల కీళ్లవాతానికి పనిచేస్తుందని ఖాయమైంది. ఎముకల వాపుకు దాన్ని తెచ్చుకున్నది ఆ అనుభవంతోనే. ఈ మందు తీసుకునే పిల్లకు వారంలో ఒక రోజు మెథోట్రెక్సేట్, మిగతా రోజుల్లో ఫోలిక్ ఆమ్లం ఇస్తాం. రెండూ సుబ్బారావు గారి బృందం తయారుచేసినవే. వారానికి ఒక్కసారి అన్నది తల్లికి అర్థమయ్యేలా రోజు పేరుతో సహా రాసివ్వాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొక హెచ్చరిక: లుకేమియా కాదని తేల్చకుండా మెథోట్రెక్సేట్ గానీ, స్టీరాయిడ్ గానీ మొదలుపెడితే, రక్త కేన్సర్ కొన్నాళ్లు తగ్గినట్టు నటించి తరువాత బయటపడుతుంది. ఈ జబ్బు చరిత్రలో ‘తగ్గింది’ అన్న మాట ఇంతకంటే ప్రమాదకరంగా మోసగించే సందర్భం లేదు.

టీఎన్‌ఎఫ్ అనే మరో వాపు పదార్థాన్ని అడ్డుకునే అడాలిముమాబ్ వంటి మందులు చాలామందికి చక్కగా పనిచేస్తాయి. 2014 చివర్లో ప్రపంచంలోనే తొలి అడాలిముమాబ్ బయోసిమిలర్ మన దేశంలోనే మార్కెట్‌లోకి వచ్చాక ధర కొంత దిగింది. అయితే శరీరంలో నిద్రపోతున్న క్షయను ఈ మందులు లేపుతాయని 2001 నుంచీ తెలుసు. క్షయ కాదని తేల్చడానికి పెట్టిన శ్రమ ఇక్కడ రెండోసారి అక్కరకొస్తుంది. క్షయ పరీక్షలు చేయకుండా ఈ మందు మొదలుపెట్టే తొందర ఏ పిల్లకూ ఉండదు.

ఈ మందుల్లో ఏది ముందు, ఏది తరువాత అన్నదానికి పెద్ద తులనాత్మక పరీక్షలు దాదాపు లేవు. 2018లో ఉత్తర అమెరికా పిల్లల కీళ్లవైద్యుల బృందం ఒకే రకమైన చికిత్సాప్రణాళికలు రాసుకుని, ఫలితాలను ఒకే పద్ధతిలో నమోదు చేయాలని నిశ్చయించింది. తనంతట తగ్గే జబ్బులో మందు విలువను తూచాలంటే అంతకంటే మార్గం లేదు. ఒకే కొలతలు, ఒకే కాలవ్యవధి, నొప్పితో పాటు ఎంఆర్‌ఐ కూడా. మందు ఎప్పుడు ఆపాలన్నది ఇంకా ఎవరి అనుభవం వారిదే. ఏడాదో రెండేళ్లో జబ్బు శాంతించాక నెమ్మదిగా తగ్గిస్తున్నాం, కొందరిలో అది తిరిగొస్తోంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని పిల్లల వైద్యులు, ఎముకల వైద్యులు కలిసి ఇలాంటి పిల్లల పట్టిక ఒకటి మొదలుపెట్టాలని ఈ వేదిక మీదినుంచి కోరుతున్నాను. దానికి భవనమూ, నిధులూ అక్కరలేదు. ఒక పేజీ నమూనా, ఏడాదికోసారి కలవడం చాలు. ఆ పేజీలో మొదటి గడిలో వయసు, ఊరు, నొప్పి మొదలైన తేదీ ఉండాలి. రెండో గడిలో, మన దగ్గరకు రాకముందు ఈ పిల్లకు క్షయ మందులు ఎన్ని నెలలు వాడారు, ఏ రుజువు చూసి మొదలుపెట్టారు, వాటితో తగ్గిందని ఎవరన్నారు అన్నది రాసుకోవాలి.